మా బురద రోడ్డు జోలికి రాకండి!

అయ్యలారా, అమ్మలారా! మనిషికి మేలు చేసేది మంచి రోడ్డు కాదు, చెడ్డ రోడ్డు. నవ్వకండి! మెక్సికో సరిహద్దులో, పెతేన్ అడవి చివర, ఉసుమసింతా నది ఒడ్డున, లా ఎస్పెరా అనే మా ఊళ్లో ఇరవై రెండేళ్లుగా పడవ నడుపుతున్నవాణ్ణి. అనుభవంతో చెబుతున్నాను.

మా ఊరి నుంచి పట్నానికి అరవై కిలోమీటర్ల మట్టి దారి. వానలు మొదలైతే ఏది దారో ఏది నదో బాతులకు కూడా తెలియదు. పోయినేడు మా ఊరి పెద్దమనిషి దోన్ ప్రొకోపియో ట్రాక్టరు ఒక గుంటలో దిగబడింది. ఊరంతా కలిసి లాగితే దాని అడుగున ఇంకో ట్రాక్టరు కనబడింది! ఆయన ఊరుకుంటాడా? దాని విడిభాగాలన్నీ పీక్కుని ఇంటికి పట్టుకుపోయాడు. మంచి రోడ్డు మీద ఇలాంటి అదృష్టం ఎవరికైనా పట్టిందా?

పైగా ఈ దారి కోసం ఎవరెవరు వస్తున్నారో చూడండి. డచ్చివాళ్లు, స్విస్సువాళ్లు, కెనడావాళ్లు! సొంత దేశంలో అద్దాల్లాంటి రోడ్లు వదిలేసి, సైకిలు మీద సంసారమంతా మూటగట్టుకుని వస్తారు. సైకిలు మనిషిని మోయాలని వాళ్లకెవరూ చెప్పలేదు కాబోలు, వాళ్లే దాన్ని భుజాన వేసుకుని, మోకాలి లోతు బురదలో నా పడవ దాకా నడిచొచ్చి "అద్భుతం!" అంటారు. సైకిలును పడవలో పడుకోబెట్టి అవతల మెక్సికో ఒడ్డున దింపితే, పాస్‌పోర్టు మీద ముద్ర వేయించుకుని తుర్రుమంటారు.

మేమూ రోజూ అవతలికి వెళ్తాం, చక్కెర కోసం, సబ్బుల కోసం. ఒడ్డు మీది అంగళ్ల దాకానే సుమండీ! కాగితాల్లేనివాడు చెక్‌పోస్టు దాటకూడదు. దాటితే తారురోడ్డు మీద పళ్ల డాక్టరు ఉన్నాడట. ఉంటే ఉన్నాడు, మాకేం?

పళ్ల డాక్టరు మాట ఎందుకొచ్చిందంటే, మా ఆవిడ ఎర్మెలిందాకు దవడపన్ను పోటు. మూడు వారాలుగా లవంగాలు నములుతూ నెట్టుకొచ్చింది. చెంప బొప్పాయిలా వాచింది. ఇందులోనూ నేను మేలే చూశాను. రోడ్డు బాగుంటే పన్ను ఎప్పుడో ఊడేది, ఇంట్లో మాటలు మళ్లీ మొదలయ్యేవి!

ఇక మా ఊరి మర్యాద గురించి చెప్పాలి. అలసిన బాటసారి "ఇంకెంత దూరం?" అని అడిగితే మేం నిజం చెప్పం. చెప్పి అతని ప్రాణం ఉసూరుమనిపించడం ఏం మర్యాద? "ఇదిగో, ఇక్కడే" అంటాం. "దారెలా ఉంది?" అంటే "వెన్నలా ఉంది" అంటాం. మా తాతలూ ఇలాగే అన్నారు, మేమూ ఇలాగే అంటున్నాం.

జూన్‌లో ఒకాయన సైకిలు మీద వచ్చాడు. నెత్తి నుంచి కాళ్ల దాకా బురదే. నేను రేవులో పడవ ఇంజను విప్పుకుని కూర్చున్నాను. దోన్ ప్రొకోపియో నా పక్కనే ఉన్నాడు.

"ఈ రోడ్డు ఎలా ఉందయ్యా మీకు?" అన్నాడాయన.

"వెన్న సారూ! జారుకుంటూ పోవచ్చు."

"ఇబ్బందులేం లేవా?"

"ఇబ్బందా! పసిపిల్లలు ఆడుకునే దారి సారూ ఇది," అని ట్రాక్టరును గుంటలో దింపుకున్న ప్రొకోపియో అందుకున్నాడు.

ఆయన పుస్తకం తీసి అంతా రాసుకున్నాడు. సైకిలువాళ్లంతా డైరీ రాస్తారు కదా అనుకున్నాను. "పడవెక్కుతారా?" అంటే "అవతల నాకేం పని?" అని వెనక్కి తిరిగాడు. నది దాటని సైకిలువాణ్ణి చూశాకైనా నాకు అనుమానం రావద్దూ? రాలేదు.

ఆగస్టులో ఉత్తరం వచ్చింది. ఆయన రోడ్ల ఇన్‌స్పెక్టరట! మా ఊరు తొమ్మిదేళ్లు అర్జీలు పెట్టుకోగా పెట్టుకోగా చూడ్డానికి వచ్చాడట. దారిలోవాళ్లు తర్వాత చెప్పారు, పట్నం నుంచి పన్నెండో కిలోమీటరు దగ్గర జీపు బురదలో కూరుకుపోతే, ఎవరి సైకిలో అడిగి తీసుకుని తొక్కుకుంటూ వచ్చాడట. ఉత్తరంలో మాత్రం "స్థానికులు పూర్తి సంతృప్తితో ఉన్నందున ఈ రోడ్డుకు ఉద్దేశించిన కంకరను వేరే ఊరికి కేటాయించడమైనది" అని రాశారు. జీపు ఊసే లేదు.

పోయిన మంగళవారం ఎర్మెలిందాకు జ్వరం పేలిపోయింది. నోరు తెరుచుకోవడం లేదు. ఒక్క బండీ కదలదు. గడకు ఊయల కట్టి, ఆమెను అందులో పడుకోబెట్టి, నలుగురం మోసుకుంటూ బయల్దేరాం. నాకు భయమేసింది. మేలూ లేదు, గీలూ లేదు, నిజంగా భయమేసింది.

సగం దారిలో సైకిళ్లతో ఇద్దరు తెల్లవాళ్లు ఎదురయ్యారు. "ముందు దారెలా ఉంది?" అని అడిగారు. భుజం మీద పెళ్లాం, మోకాళ్ల దాకా బురద. అయినా నా పాడు నోరు ఊరుకుంటుందా?

"వెన్న..." అన్నానో లేదో, ఊయల్లోంచి చెప్పు వచ్చి నా చెవికి తగిలింది.

"అబద్ధాలకోరు మొగుడా!" అని బిగిసిన పళ్ల మధ్య నుంచే అరిచింది. "ఇప్పుడైనా నిజం చెప్పి చావు!"

చెప్పాను. ముందు దారే లేదని, ట్రాక్టర్లు మింగే గుంటలున్నాయని చెప్పాను. వాళ్లు "అద్భుతం!" అని ఇంకా వేగంగా వెళ్లిపోయారు.

మర్నాడు పట్నంలో పన్ను తీశారు. ఇంకొక్క రోజు ఆగితే మనిషి దక్కేది కాదన్నాడు డాక్టరు. ఇప్పుడు ఎర్మెలిందాకు మాట బాగా వస్తోంది. నా పక్కనే కూర్చుని, ఈ చివరి ముక్క తన మాటగా రాయమంటోంది:

"ఇన్‌స్పెక్టరు గారూ, ఈసారి వస్తే మా ఊళ్లో ఎవర్నీ ఏమీ అడక్కండి. పన్నెండో కిలోమీటరు దగ్గర ఆగి మీ జీపునే అడగండి. అదింకా అక్కడే ఉంది."