ఐదో లెవెల్ లింబాద్రి

ఎడారి దేశంలో బతికేవాడికి అన్నిటికంటే ముందు రావలసిన విద్య మంచు మీద జారడం! నవ్వకండి. నేను దోహాలో ఒక మంచు హాల్లో ఆరేళ్ళుగా బూట్ల కౌంటర్ చూసుకుంటున్న సత్యనారాయణను. ఊరంతటి పాదాల సైజులూ నా నోటికి వచ్చు. అంచేత ఈ విషయంలో నా మాట మీరు వినితీరాలి.

బయట నలభై ఎనిమిది డిగ్రీలు, లోపల మైనస్ మూడు. చమురు ధర మళ్ళీ నూరు డాలర్లు దాటినప్పుడు, ఈ ఊరికి ఇంకా ఏం తక్కువైందని ఎవరో మహానుభావులు కూర్చుని ఆలోచించారు. చలి తక్కువైందని తేలింది. వెంటనే ఇంత పెద్ద రేకుల డబ్బా కట్టి, అందులో ఒక కొండ పెట్టి, దాని మీద మంచు పోశారు. దీన్ని దుబారా అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు జారడం రాదు, అదీ వాళ్ళ బాధ.

మనవాళ్ళకు మొదటినుంచీ జారడమంటే చిన్నచూపే. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం అన్నారు. కాలు జారితే ఏమొస్తుందో పాపం పెద్దలకేం తెలుసు? సర్టిఫికెట్ వస్తుంది!

మా హాల్లో విద్య ఐదు లెవెల్స్‌గా ఉంటుంది. ఒకటో లెవెల్లో పడాలి, లేవాలి, అంతే. ఈ పనే మన ఊళ్ళో కల్లు దుకాణం ముందు చేస్తే నలుగురూ నవ్వుతారు. ఇక్కడ చప్పట్లు కొట్టి చేతికి రిబ్బన్ కడతారు. రెండో లెవెల్లో కాళ్ళకు కట్టిన స్కీ పలకల ముందు కొసలు దగ్గరికి చేర్చి, మడమలు ఎడంగా పెట్టి, సమోసా ఆకారంలో ఆగాలి. మూడో లెవెల్లో మలుపు తిరగాలి, అదీ గోడ తగలకముందే. నాలుగులో రెండు స్కీలూ పోట్లాడుకోకుండా జంటగా పోవాలి. ఐదులో కొండ కొసనుంచి కిందిదాకా ఎవరినీ గుద్దకుండా రావాలి. వచ్చినవాడు ఎక్స్‌పర్ట్. అతని కాగితం మీద బంగారు రంగు స్టాంపు పడుతుంది.

ఈ లెవెల్స్ వల్ల లోకానికి ఎంత మేలు జరిగిందో చెబితే మీరు నమ్మరు. ముఐథర్ నుంచి ప్రతి శుక్రవారం వచ్చే ఒక పెద్దాయన రెండో లెవెల్ పాసయ్యాక ఇంట్లో మెట్లు కూడా సమోసా ఆకారంలోనే దిగుతున్నాడట. అబూ హమూర్‌లో మన తెలుగు అకౌంటెంట్ ఒకాయన పెళ్ళి బయోడేటాలో నక్షత్రం, గోత్రం కింద 'స్కీయింగ్: మూడో లెవెల్' అని చేర్చాడు. అమ్మాయి తరఫువాళ్ళు ముందు ఫోన్ చేసి అడిగింది దాని గురించేనని గర్వంగా చెప్పాడు. ఆ ఉద్యోగం ఉంటుందా పోతుందా అని అడిగారట.

ఇంత త్వరగా మనిషిని పైకి తెచ్చే విద్య ఇంకెక్కడైనా ఉందా? ఐదు శుక్రవారాలు డబ్బు కట్టి పడితే చాలు, ఎక్స్‌పర్ట్ అయిపోతారు. ఇక మా లింబాద్రి సంగతి చెబుతాను.

లింబాద్రిది నిజామాబాద్ వైపు పల్లె. బర్వా అల్ బరాహా లేబర్ క్యాంపులో నా రూంమేటు. తొమ్మిదేళ్ళ కిందట బొంబాయిలో ట్రేడ్ టెస్టుకు పోయి, తాపీ పట్టుకుని గంటలో నిలువెత్తు గోడ కట్టాడు. గోడ బాగుందన్నారు. కానీ మేస్త్రీల కోటా నిండిపోయింది, హెల్పర్‌గా పో, అక్కడికి పోయాక మార్చుకోవచ్చు అన్నారు. ఆ మాట నమ్మి వచ్చిన లింబాద్రి ఇప్పటికీ హెల్పరే. మా కంపెనీలో హెల్పర్‌కు రెండేళ్ళకోసారి సెలవు, మేస్త్రీ లాంటి టెక్నీషియన్‌కు ఏడాదికోసారి. పెళ్ళాం రాములవ్వ కడుపుతో ఉండగా వచ్చాడు. కన్న కూతురిని ఇంతవరకు నాలుగుసార్లు చూశాడు.

అతని డ్యూటీ పడినవాళ్ళను లేపడం. రోజుకు డెబ్బై ఎనభై సార్లు రబ్బరు బూట్లతో కొండ ఎక్కి దిగుతాడు. తొంభై కిలోల మనుషులను ఎత్తి నిలబెడతాడు. ఈ అవస్థ చూడలేక మా కోచ్ ఫరీదుద్దీన్, హైదరాబాద్ మనిషి, పొద్దున హాలు తెరవకముందు అతనికి స్కీలు కట్టాడు. నెల తిరగలేదు, లింబాద్రి కొండ కొసనుంచి నీళ్ళు దిగినట్టు దిగాడు. ఒక చంకలో ఎవరిదో ఊడిపోయిన స్కీ, ఇంకో చేతిలో ఎవరి పిల్లాడో!

"నేను కాశ్మీర్ గుల్మర్గ్‌ల మూడేళ్ళు పడి పడి నేర్చుకున్న భాయ్, ఈయన పడకుండనే నేర్చుకున్నడు," అన్నాడు ఫరీదుద్దీన్. ఐదు లెవెల్స్‌కూ పరీక్ష పెట్టి, బంగారు స్టాంపు కొట్టి ఇచ్చాడు.

ఆ కాగితం పట్టుకుని లింబాద్రి నేరుగా నా కౌంటర్ దగ్గరికి వచ్చాడు.

"సత్యన్నా, గిది ట్రేడ్ టెస్టు లెక్కనే గదా? గిప్పుడు నన్ను హెల్పర్ల కెల్లి తీస్తరు గదా?"

కాదని చెప్పాల్సింది. కానీ అతని మొహం చూసి చెప్పలేకపోయాను. పైగా ఈ లెవెల్స్ గురించి ఆరేళ్ళుగా చెప్పీ చెప్పీ నాకే నమ్మకం కుదిరింది. "బొంబాయి టెస్టుకు ఒక్క గోడే కదయ్యా, దీనికి ఐదు లెవెల్స్. వెళ్ళి ఆఫీసులో ఇచ్చెయ్," అన్నాను. ఆ సాయంత్రమే అతను రాములవ్వకు ఫోన్ చేసి, ఇకనుంచి ఏడాదికోసారి వస్తానని చెప్పేశాడు. ఎట్లాగూ మే నెలలో రెండేళ్ళ సెలవు ఉంది, బిడ్డకు ఎర్ర సంచీ కొనుక్కుని వస్తానన్నాడు.

మేనేజరు సర్టిఫికెట్‌ను ఇటూ అటూ తిప్పి చూశాడు. చాలా సంతోషించాడు. లింబాద్రిని కుర్చీలో కూర్చోబెట్టి కరక్ చాయ్ కూడా తెప్పించాడు. తర్వాత రెండు విషయాలు చెప్పాడు.

మొదటిది, వీసా మీద హెల్పర్ అని ఉంది కాబట్టి హెల్పర్‌గానే ఉంటాడు. మంచు మీద జారడం కంపెనీ లెక్కలో పని కిందికి రాదు, అది వినోదం.

రెండోది, మే నెల సెలవు కుదరదు. "హెల్పర్ పోతే ఇంకో హెల్పర్‌ను తెచ్చి పెడతాం. నువ్వు ఎక్స్‌పర్ట్‌వి. కింద పడినవాళ్ళ దగ్గరికి జారుకుంటూ పోగలిగేది, కోచ్ కాక, స్టాఫ్‌లో నువ్వొక్కడివే. నీ బదులు ఎవరిని పెట్టను?" అన్నాడు. తీసి ఉంచిన సెలవు కాగితాన్ని మళ్ళీ ఫైల్లో పెట్టేశాడు.

చూశారా, ఈ విద్య మహిమ? తొమ్మిదేళ్ళు కష్టపడినా రాని విలువ ఒక్క నెలలో వచ్చేసింది. జీతానికి హెల్పర్, సెలవుకు ఎక్స్‌పర్ట్!

ఆ రాత్రి రూంలో ఫోన్ స్పీకర్ మీద ఉంది. లింబాద్రి ఎట్లా చెప్పాలో తెలియక లెవెల్స్ అన్నీ ఒకటినుంచి ఐదుదాకా వివరించాడు. రాములవ్వ మొత్తం విన్నది. ఆమెకు గల్ఫ్ అంతా దుబాయే.

"దుబాయ్‌ల పెద్దోడైతే ఇంటికి రానియ్యరా?" అన్నది.

నాకు దుప్పటి కప్పుకుని పడుకోవడం తప్ప ఇంకేం తోచలేదు. ఆఫీసుకు వెళ్ళమన్నది నేనే కదా. సిగ్గేసింది.

అప్పటినుంచి మా స్టాఫ్‌లో పెద్ద మార్పు వచ్చింది. నాలుగో లెవెల్‌కు తయారవుతున్న ఇద్దరు కుర్రాళ్ళు ఉన్నట్టుండి నిలబడటం కూడా మరిచిపోయారు. టికెట్ గేటు దగ్గరి నేపాలీ కుర్రాడు మంచు వైపు చూడటమే మానేశాడు. మేనేజరు వస్తున్నాడంటే చాలు, అందరం తలా ఒక చోట ఒకటో లెవెల్లో ఉంటాం.

నా సెలవు జూన్‌లో. నిన్న మేనేజరు చూస్తుండగా నా కౌంటర్ ముందు, మంచు చుక్క లేని చోట, కార్పెట్ మీద వెల్లకిలా పడ్డాను. నడుము నిజంగానే పట్టేసింది. డ్యూటీ ప్రకారం లింబాద్రి జారుకుంటూ వచ్చి, స్కీలు విప్పి, చంకల కింద చేతులు వేసి నన్ను లేపాడు. నా చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"మంచిగ పడ్డవన్నా. నాకు గూడ ముందుగాల గిదే నేర్పాల్సి ఉండె."