ఏడు వ్యాన్ల ఖుబూస్

ఆ శుక్రవారం ప్రసన్నకుమార్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. ఎనిమిదిన్నరకి నైఫ్‌లోని ఆఫీసుకి వెళ్ళాలి, తొమ్మిదికి ప్రోగ్రాము నడిపించాలి, పన్నెండుకి ఆఫీసు మూసేలోపు సెలవు కాగితం మీద ముదీర్ సంతకం పెట్టించుకోవాలి, ఆదివారం విమానం ఎక్కాలి. తనేమో గల్ఫ్‌లో ఉన్నాడు, రాజోలులో పది నెలల కూతురుంది. కరోనా పుణ్యమా అని, పుట్టిన దగ్గర్నుంచి దాన్ని ఫోనులో తప్ప చూడలేదు. "ఫోను మోగితే చాలు, నాన్న అంటోందండీ. దానికి నాన్నంటే ఈ ఫోనే," అని భార్య దేవి నవ్వుతూ చెప్పిన రోజు, పాపం, బాత్రూములో కుళాయి తిప్పుకుని మరీ ఏడ్చాడు.

ముదీర్ అంటే మేనేజరు. పేరు హయాత్ బాషా, ఊరు రాయచోటి. మనిషి మంచివాడే, కానీ మాటంటే మాటే.

"బేకరీకి ఆర్డరు ఈ పొద్దు ఫోను లేకుండా కంప్యూటర్లోంచే పోవాల. పోయిందా, నీ సెలవు ఖాయం. పోలేదా, సెలవు ఖలాస్! ఐదొందల పొట్లాలు ఇక్కడికే తెప్పించు. క్యాంపుకి నేను పంపించుకుంటా."

లేబరు క్యాంపులకి భోజనాలు పంపే కంపెనీ అది. ఖుబూస్ రొట్టెలు అల్ ఐన్‌లోని ఒక బేకరీ నుంచి వస్తాయి. చిక్కల్లా ఆ బేకరీ వాళ్ళ వెబ్ సర్వీసుతోనే. మన కంప్యూటరు ఒక చీటీ పంపితే అక్కడి కంప్యూటరు జవాబు చీటీ పంపుతుంది, అంతే దాని పని. కానీ ఎప్పుడో పాతకాలంలో రాసిన సరుకు కాబట్టి చీటీ ఎక్స్ఎంఎల్‌లోనే, అంటే ప్రతి ముక్కకీ ముందొక గుర్తు, వెనకొక గుర్తు తగిలించి ఉండాలి. ఆ పేరు వింటేనే ప్రసన్నకుమార్‌కి ఒళ్ళు మంట.

"ఒక్క ఇడ్లీకి కింద ఆకు, పైన ఆకు, చుట్టూ కాగితం, దానికి మళ్ళీ దారం! విప్పేసరికి ఆకలి చచ్చిపోద్ది," అనేవాడు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ.

ఆ చిరాకుతోనే జవాబు చీటీలో మొదటి వరుస తప్ప ఏమీ చూడకుండా ప్రోగ్రాము రాసేశాడు. పైన 'సరే' అని ఉంటే ఆపు, లేకపోతే మళ్ళీ పంపు, ఆరుసార్ల దాకా పంపు. ఇంతే దానికి ఇచ్చిన ఆజ్ఞ.

తొమ్మిదికి బటన్ నొక్కాడు. జవాబు వచ్చింది. పై వరుసలో 'ఈరోజు సెలవు' అని ఉంది. ప్రోగ్రాము మళ్ళీ పంపింది. మళ్ళీ సెలవు. ఆరుసార్లు పంపింది, ఆరుసార్లూ సెలవే.

"నీకు సెలవైతే నా సెలవు గతేంటే!" అని స్క్రీను మీద అరిచాడు. అటూ ఇటూ చూసి, మెట్ల దగ్గరికి వెళ్ళి, దొంగచాటుగా బేకరీ డ్రైవరు వెంకట్రాములుకి ఫోను కొట్టాడు.

"అన్నా, నీకు దణ్ణం పెడతాను. ఐదొందల పొట్లాలు నైఫ్‌కి తెచ్చెయ్. మా ముదీర్ అడిగితే కంప్యూటర్లోనే ఆర్డరొచ్చిందని చెప్పు."

"గంతేనా సారూ! తెస్త తియ్యి," అన్నాడు వెంకట్రాములు. ఆయనది జగిత్యాల దగ్గర పల్లె. సాయం అడిగితే కాదనడం తెలియని మనిషి.

పదకొండున్నరకి వెంకట్రాములే ఫోను చేశాడు.

"సారూ, మీ గల్లీల పెండ్లి గిట్ల ఉన్నదా? నా ముంగట ఆరు బండ్లు నిలవడ్డయి. అన్నీ మావే!"

ప్రసన్నకుమార్ కంప్యూటరు దగ్గరికి పరిగెత్తాడు. అప్పుడు, తొలిసారిగా, ఆ జవాబు చీటీని చివరిదాకా చదివాడు. ఎక్కడో పన్నెండో వరుసలో ఉంది: 'ఆర్డరు అందింది, పంపుతున్నాం.' ఆ నెలలోనే దేశమంతా శుక్రవారం సెలవు తీసేసి శని, ఆదివారాలకి మార్చారు. శుక్రవారం ఒంటిపూట పని. సంగతి అందరికీ తెలిసింది గానీ, బేకరీ కంప్యూటరుకి ఎవరూ చెప్పలేదు. అది పైన సెలవని బోర్డు పెట్టి కింద రొట్టెలు పంపుతూనే ఉంది.

హారన్ల మోతకి హయాత్ బాషా కిందికి దిగాడు, వెనకే ప్రసన్నకుమార్.

"ఏందప్పా ఇది?"

"సార్... మూడున్నర వేల పొట్లాలు సార్. ఆరు బండ్లు కంప్యూటరు తెప్పించింది. ఒకటి నేను తెప్పించాను."

హయాత్ బాషా బేకరీకి ఫోను చేశాడు. పన్నెండు దాటింది. ఎంత మోగినా ఎత్తే దిక్కు లేదు. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, "నీ సెలవు ఖలాస్," అన్నాడు. తిట్టినా బాగుండేది. ప్రసన్నకుమార్ మెట్టు మీద కూలబడ్డాడు. దేవికి ఏం చెప్పాలో తెలియలేదు.

ఒక వ్యాను క్యాంపుకి వెళ్ళింది. మిగతా ఆరూ సందుని దిగ్బంధం చేశాయి. వెనక మసీదులో నమాజు మొదలైంది. బయటికొచ్చేవాళ్ళకి నడిచే దారి కూడా లేదు. తెల్లారితే ఆ రొట్టెలు అట్టముక్కలే. హయాత్ బాషా ఒక్క క్షణం ఆలోచించి, "యల్లా, నమాజు కాంగానే పంచేయండి," అన్నాడు.

పంచారు. ఎవరిచ్చారని అడిగినవాళ్ళకల్లా వెంకట్రాములు హయాత్ బాషాని చూపించి, "ఇన్కే అర్బాబ్ దేరే భాయ్!" అని, వీళ్ళ అర్బాబే ఇస్తున్నాడని కేకేసి చెప్పాడు. అర్బాబ్ అంటే కంపెనీ యజమాని. ఆయన అదే మసీదులోంచి అప్పుడే బయటికొస్తున్నాడు. ముసలి కూలీ ఒకడు ఆయన రెండు చేతులూ పట్టుకుని దీవించాడు. ఇంకొకడు దీవించాడు. చూస్తుండగానే చుట్టూ జనం మూగారు. అర్బాబ్ కళ్ళు తుడుచుకుంటూ హయాత్ బాషా భుజం తట్టి, "ఖర్చు నాది. ప్రతి జుమ్మాకీ ఇలాగే జరగాలి," అని కారెక్కాడు.

హయాత్ బాషా ప్రసన్నకుమార్ వైపు తిరిగాడు. "విన్నావు గదా? ఇంక నువ్వు పోతే, వచ్చే వారం ఈ తప్పు ఎవరు చేస్తారప్పా?"

"నేనక్కర్లేదు సార్! ప్రోగ్రాముని ఎవరూ ముట్టుకోకపోతే చాలు, ప్రతి శుక్రవారం బటన్ నొక్కితే అదే చేసుకుంటుంది." ప్రసన్నకుమార్ చేతులు జోడించాడు. "నా పిల్లని ఎత్తుకోవాలి సార్. ఒక్కసారి."

హయాత్ బాషా అతన్ని పైకి తీసుకెళ్ళి, సెలవు కాగితం మీద సంతకం చేసి, ఇంకో తెల్లకాగితం ముందుకు తోశాడు.

తను రాసిన ప్రోగ్రాములోని తప్పును ఎట్టి పరిస్థితుల్లోనూ సరిదిద్దనని, ప్రసన్నకుమార్ అందులో రాసిచ్చి విమానం ఎక్కాడు.