పెద్దసారు గది ముందు గోడకుర్చీ

కథలకు ఉప్పూకారం దట్టించేవాళ్లంటే నాకు అస్సలు గిట్టదు. ఇది నేను గుమ్మం పక్కన నిలబడి, రెప్ప వెయ్యకుండా చూసిన సంగతి. ఒక్క అక్షరం కూడా కలపలేదు.

మంచినీటి గొట్టాల ఆఫీసులో నక్షాలు గీసే ఆవిడను అందరూ నక్షాలమ్మ అనేవారు. వయసు నలభై ఆరు. ఊరి కింద ఏ గొట్టం ఎక్కడ మలుపు తిరిగిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తుంది. నాలుగేళ్లుగా రోజూ పొద్దున్నే పరుగెత్తుతోంది. పది కిలోమీటర్ల పందేనికి పేరు కూడా ఇచ్చింది. సరిగ్గా పది వారాల గడువుండగా మోకాటి చిప్ప కింద నొప్పి పట్టుకుంది. మెట్లు దిగితే చాలు, ఎవరో లోపల నుంచి సూదితో పొడిచినట్టు.

"కాళ్లు చాపుకుని కూర్చోవే తల్లీ! ఈ వయసులో నిన్నెవరు తరుముతున్నారని పరుగులు?" అన్నారు అత్తగారు.

"అమ్మ చెప్పింది నిజమే. ఆ పందేనికి నువ్వు రాలేదని ఎవరైనా బెంగపడతారా?" అన్నాడు భర్త, పేపరు తిప్పుతూ.

"నేను పడతాను" అంది నక్షాలమ్మ.

ఆ సాయంత్రమే వెళ్లి ఫిజియో అమ్మాయికి మోకాలు చూపించుకుంది. ఆ అమ్మాయి అటూ ఇటూ వంచి చూసి, "కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండన్ అలిసిపోయిందండీ. పూర్తిగా పడుకోబెడితే ఇంకా బద్ధకిస్తుంది. కొద్దికొద్దిగా బరువు మోయిస్తేనే బలపడుతుంది. నొప్పి పదికి మూడు దాటకపోతే భయం లేదు" అని చెప్పింది. మొదటి పాఠం గోడకు వీపు ఆనించి, లేని కుర్చీలో కూర్చోవడం. ఒక్కో విడత నలభై ఐదు సెకన్లు, మొత్తం ఐదు విడతలు, రోజుకు రెండుసార్లు.

సోమవారం పొద్దున ఒకసారి ఇంట్లో అయింది. రెండోది పదకొండింటికి ఆఫీసులో కానిద్దామనుకుంది. అక్కడ గోడలన్నిటికీ బీరువాలే. ఖాళీగా ఉన్నది పెద్దసారు గది బయటి గోడ ఒక్కటే. నక్షాలమ్మ అక్కడ వీపు ఆనించి, మోకాళ్లు వంచి, పెదవుల్లో అంకెలు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టింది.

ఇరవై దగ్గర టీ పట్టుకుని అటెండరు వచ్చాడు. చూశాడు. బడిలో తప్పు చేసిన పిల్లల చేత వేయించే గోడకుర్చీని గుర్తుపట్టని మనిషి ఉంటాడా? శనివారం ఒక పంపును పక్కవీధిలో గీసినందుకు పెద్దసారు ఈవిడ మీద కేకలెయ్యడం అతను చెవులారా విన్నాడు కూడా.

"అయ్యో అమ్మా! ఇంత పని చేశారా ఆయన?"

నక్షాలమ్మ ముప్పై రెండు దగ్గరుంది. లెక్క ఆపలేదు. పెదవులు వణుకుతున్నట్టు కదిలాయి. అటెండరు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇక టీ ఎవరికీ అందలేదు, వార్త మాత్రం అందరికీ అందింది. టైపు సెక్షన్లో అది గోడకుర్చీ. బిల్లుల కౌంటరు చేరేసరికి గోడకుర్చీకి గుంజీలు తోడయ్యాయి. గేటు దగ్గర వాచ్‌మన్ దాకా వెళ్లేసరికి ఆవిడను చెవులు కూడా పట్టుకోమన్నారు.

మూడో విడతకు ఉద్యోగుల సంఘం నాయకుడు ఊడిపడ్డాడు. "లేవండి అక్కయ్యా! ఇది మీ ఒక్కరికీ జరిగిన అవమానం కాదు!"

"అవమానమేంటి తమ్ముడూ? వ్యాయామం. మోకాలికి."

నాయకుడు వెనక్కి తిరిగి చేతులెత్తాడు. "విన్నారా? ఏం చెప్పాలో కూడా ముందే బెదిరించి నేర్పించారు!"

"నన్ను బెదిరించేవాడు ఇంకా పుట్టలేదయ్యా. పక్కకి జరుగు, గడియారం కనబడట్లేదు."

"అదీ ధైర్యమంటే! మాకూ వేయించండి గోడకుర్చీ!" అని నాయకుడు ఆవిడ పక్కనే కూర్చుండిపోయాడు. అతని పక్కన టైపిస్టు, ఆవిడ పక్కన బిల్లుల గుమాస్తా, అలా పన్నెండుమంది వరస కట్టారు. ఇరవై సెకన్లు గడిచేసరికి నినాదాలు మూలుగుల్లోకి దిగాయి. గుమాస్తా జారి టైపిస్టు మీద పడ్డాడు. టైపిస్టు నాయకుడి చొక్కా పట్టుకుంది. చిరిగిన చొక్కాను చూసి వెనకనున్నవాళ్లు, "కొట్టారు! కొట్టారు!" అని అరిచారు.

తలుపు తెరుచుకుంది. పెద్దసారు కళ్లజోడు సవరించుకున్నారు. "ఎవరు వేయించారయ్యా మీ చేత ఇది?"

"మీరే!" అన్నారు పన్నెండుమందీ.

"నేనా? నక్షాలమ్మగారూ, ముందు మీరు లేవండి."

"ఇంకా ఇరవై రెండు సెకన్లుంది సార్."

"ఇది ఆర్డరు! లేవకపోతే మెమో ఇస్తాను!"

"ఇవ్వండి సార్. ఇది అయ్యాక సంతకం పెట్టి తీసుకుంటాను."

ఇరవై రెండు సెకన్లూ మెమో ఎదురుచూసింది. అప్పుడు నక్షాలమ్మ తీరిగ్గా లేచి, పైట దులుపుకుంది. "ఇంట్లో మానెయ్యమన్నారు, మానలేదు. ఇక్కడా మానను. గొట్టం పగిలితే ఏం చేస్తాం సార్? ఈ వీధికి జన్మలో నీళ్లు వద్దని వదిలేస్తామా? అతుకు వేసి, మెల్లమెల్లగా ఒత్తిడి పెంచి, మళ్లీ నీళ్లొదులుతాం. నా మోకాలికీ నేను చేస్తున్నది అదే."

పెద్దసారు ముప్పై ఏళ్లుగా గొట్టాల మనిషి. ఆ లెక్క తప్పని అనలేరు. మాట నెగ్గని అధికారులందరిలాగే ఆయనా పౌరుషానికి పోయారు. "దీనికింత హడావిడా? గోడకు ఆనుకోవడమేగా!" అని కోటు విప్పి అటెండరు చేతికిచ్చి, గోడకుర్చీ వేశారు.

ఇక్కడ ఒక చిన్న మనవి. గుమ్మం పక్కన నిలబడి చూశానన్నాను గానీ, ఆ రోజు నేను ఆఫీసులో కాదు, ఆ ఊళ్లోనే లేను. చెప్పింది అటెండరు. అతనేమో టీ కప్పు మీద ఒట్టేసి చెప్పాడు. అందుకని ధైర్యంగా ముందుకు పోతున్నాను.

నక్షాలమ్మ గడియారం చూస్తూ లెక్క అందుకుంది. "పదిహేడు... ఊపిరి బిగబట్టకండి సార్... పద్దెనిమిది... తొడల మీంచి చేతులు తియ్యండి..."

సరిగ్గా అప్పుడు, ముందుగా చెప్పకుండా తనిఖీకి వచ్చే అలవాటున్న చీఫ్ ఇంజినీరుగారు లోపలికి అడుగుపెట్టారు. ఎదురుగా నేల మీద పన్నెండుమంది, గోడకు ఆనుకుని చెమటలు కారుస్తున్న పెద్దసారు, ఆయన ముందు గడియారం చూస్తూ లెక్కపెడుతున్న నక్షాలు గీసే ఉద్యోగిని.

"ఎవరు చేయిస్తున్నారు ఇదంతా?" అన్నారు చీఫ్‌గారు.

పన్నెండు వేళ్లూ నక్షాలమ్మ వైపు తిరిగాయి. నాయకుడి వేలు అన్నిటికంటే ముందు తిరిగింది.

"నేనే" అంది ఆవిడ. "ఇరవై తొమ్మిది. వంగకండి సార్."

చీఫ్‌గారు పెద్దసారు వైపు వేలు చూపించారు. "ఈయన చేత ఒక్క పని గడువు లోపల చేయించడం పదేళ్లుగా నా వల్ల కాలేదు. మీరు సెకన్ల లెక్కన చేయిస్తున్నారు!" అని అక్కడికక్కడే కాగితం తెప్పించుకుని రాశారు. రోజూ పదకొండింటికి సిబ్బంది అందరూ గోడ దగ్గర హాజరు కావాలి, పర్యవేక్షణ నక్షాలమ్మది. అవమానం మీద పోరాడిన నాయకుడికి మర్నాటి నుంచి గోడకుర్చీ ఉద్యోగధర్మమైంది.

వారాలు నడిచాయి. గోడ తర్వాత మెల్లగా వంగి లేవడం, ఆ తర్వాత సంచిలో పాత ఫైళ్లు వేసుకుని ఒంటికాలి మీద మెట్టు దిగడం. ఆఖరికి రెండు నిమిషాలు నడక, రెండు నిమిషాలు పరుగు. నొప్పి మూడు దాటిన రోజున ఒక మెట్టు వెనక్కి తగ్గింది. మానెయ్యమన్న రోజున మాత్రం ఎవరికోసమూ తగ్గలేదు.

పందెం రోజున పది కిలోమీటర్లూ పరుగెత్తింది. నొప్పి పదికి రెండు. గీత దాటగానే అత్తగారికి ఫోను చేసి, "అయిపోయిందత్తయ్యా, ఇప్పుడు కాళ్లు చాపుకుని కూర్చున్నాను" అంది. ఆవిడ వెనక ఇంకా ముప్పైమంది పరుగెత్తుతూనే ఉన్నారు.

చెప్పిందంతా నిజమే గానీ, ఆ ముప్పైమంది మాత్రం నా కల్పన. నక్షాలమ్మ వెనక వచ్చింది, పందెంలో ఆఖరి మనిషిని వెన్నంటి వచ్చే అంబులెన్సు ఒక్కటే. అదీ ఖాళీగానే వచ్చింది.