రెండోసారి అడగనివాడు

ఆదివారం పొద్దున పదింటికి మైలవరం నుంచి బసవపున్నయ్య గారు, శివపార్వతి గారు వస్తారు. టిఫిను చేస్తారు. తమ కూతురు అక్షయను సిద్ధార్థకు ఇవ్వడానికి ఒప్పుకుంటారు. ఇదీ పథకం. ఒకే ఆఫీసులో పనిచేస్తూ రెండేళ్ళుగా మనసుపడ్డ ఇద్దరి బతుకూ ఆ టిఫిను మీదే ఆధారపడి ఉంది. సిద్ధార్థ తల్లి రామతులసి ఉప్మా చేసి, బొబ్బట్ల మీద మూతపెట్టి, పూలు మర్చిపోయానంటూ బజారుకు పరిగెత్తింది. "ఈలోగా వాళ్ళొస్తే కాఫీ, టిఫినూ అడుగు నాన్నా" అని చెప్పి మరీ వెళ్ళింది.

అడగడం గురించి సిద్ధార్థకు వేరే చెప్పాలా? నాలుగేళ్ళు జర్మనీలో ఉండి, ఆ భాష నేర్చుకుని, మనిషే మారిపోయాడు. అని అతనే చెప్పుకుంటాడు. వెళ్ళిన కొత్తలో ఇంటి ఓనరమ్మ కేకు పెట్టబోతే మొహమాటానికి వద్దన్నాడు. ఆవిడ సరేనని పళ్ళెం లోపల పెట్టేసింది. మళ్ళీ అడుగుతుందేమోనని వంటింటి వైపు చూస్తూ గంటసేపు కూర్చున్నాడు, పాపం. ఆ ఆకలిలో అతనికి జ్ఞానోదయమైంది. ఎదుటివాళ్ళ మాటను ఉన్నదున్నట్టు నమ్మడమే నాగరికత! తిరిగొచ్చాక బెజవాడలో దొరికినవాళ్ళందరికీ ఈ ముక్క బోధిస్తూనే ఉన్నాడు.

పది కొట్టేసరికి వాళ్ళు దిగారు.

"కాఫీ తీసుకుంటారాండీ?"

"ఎందుకులే బాబూ, ఇప్పుడేగా వచ్చాం" అన్నారు బసవపున్నయ్య గారు.

"సరేనండి" అని సిద్ధార్థ ఎదురుగా కూర్చున్నాడు. భార్యాభర్తలు మొహాలు చూసుకున్నారు.

"పోనీ టిఫిను?"

"అబ్బే, మాకోసం శ్రమపడకండి" అన్నారు శివపార్వతి గారు.

"అలాగేనండి."

ఏసీ వేయనా అంటే పర్లేదన్నారు. వేయలేదు. ఎంత సూటిగా మాట్లాడే కుటుంబమోనని మురిసిపోయాడు. కాసేపటికి మాటలు అయిపోయాయి. బసవపున్నయ్య గారు చెమట తుడుచుకుని, "ఇక బయల్దేరతాం మరి" అన్నారు, కుర్చీలోంచి కదలకుండానే. సిద్ధార్థ గబుక్కున లేచి తలుపు తీశాడు. వాళ్ళ చెప్పులు కూడా తిన్నగా తిప్పి పెట్టాడు.

రామతులసి పూలతో వచ్చింది. "ఏరీ వాళ్ళు?"

"వెళ్ళిపోయారమ్మా. ఏమీ వద్దన్నారు."

"ఎన్నిసార్లు అడిగావు?"

"ఒకసారి."

ఆవిడ సోఫాలో కూలబడింది. "ఒక్కసారికే తింటామంటారట్రా ఎవరైనా? పొద్దున్నుంచీ ఏం తిని ఉంటారు వాళ్ళు?"

అంతలో అక్షయ ఫోను. "అమ్మ ఇప్పుడే చేసింది. మీ వీధి చివర బండి దగ్గర ఇడ్లీ తింటున్నారంట. సంబంధం వద్దంటున్నారు నాన్న. ఏం చేశావ్ సిద్ధూ?"

సిద్ధార్థ కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాడు.

"అంకుల్, తప్పైపోయింది. ఇంటికి రండి."

"తప్పేముంది బాబూ. నీ పద్ధతి నీది. మాకీ సంబంధం వద్దులే."

అలవాటు కొద్దీ "సరేనండి" అనబోయి, నాలుక కరుచుకున్నాడు. "అలా అనకండి. ఇంకోసారి ఆలోచించండి."

"వద్దన్నానుగా" అంటూ బసవపున్నయ్య గారు ఇడ్లీ తుంచి చట్నీలో ముంచారు.

సిద్ధార్థకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేర్చుకున్న భాషలన్నీ గొంతులోనే ఆగిపోయి తెలుగొక్కటే బయటికొచ్చింది. "అక్షయ లేకపోతే నేనుండలేనండీ. మీరు సరేననేదాకా ఇక్కడినుంచి కదలను" అని ఆయన చెయ్యి పట్టేసుకున్నాడు. చట్నీ చొక్కాకంతా అయింది.

ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ కొంగు అడ్డుపెట్టుకుని నవ్వుతోంది.

"ఈ అడిగేదేదో ఇంట్లోనే అడిగుంటే ఈపాటికి మీ అమ్మగారి టిఫిను తినేవాళ్ళం కదయ్యా" అన్నారాయన. "మూడోసారి కూడా కాదంటే ఏం బాగుంటుంది? పద."

అందరూ వెనక్కి వచ్చి, వద్దు వద్దంటూనే తలా మూడు బొబ్బట్లు తిన్నారు. పెళ్ళి ఎక్కడ చేద్దామని అడిగితే "అంతా మీ ఇష్టం" అన్నారు బసవపున్నయ్య గారు. ఆ ఇష్టం మైలవరంలోనేనని తేలడానికి సిద్ధార్థ ఇంకో రెండుసార్లు అడగాల్సి వచ్చింది.