ప్రార్థనకు పెట్టిన తుపాకీ

తెల్లవారేసరికి ఐర్లండ్‌లోని స్లైగోలో వాన వెలిసింది. పెళ్లయి రెండు నెలలైన నిస్సీకి ఆ మాత్రం చాలు. దేవుడు తమ కోసమే ఆకాశం తుడిచాడని మురిసిపోయింది. ఆ రోజు ఆసుపత్రిలో ఆమెకు డ్యూటీ లేదు. భర్త జయకుమార్ మట్టి పళ్లేలను గాల్లోకి విసిరి కాల్చే క్లబ్బులో చేరబోతున్నాడు. ఇవాళ ప్యాట్ అనే ముసలి రైతు దగ్గర పాత పంప్ యాక్షన్ తుపాకీ చూడాలి.

నిస్సీ వాళ్లు కొత్త కుక్కర్ కొన్నా ప్రార్థన చేయించనిదే పొయ్యెక్కించరు. అందుకని పొద్దున లేస్తూనే డబ్లిన్‌లోని తమ సంఘం వాళ్ల ఆడమ్స్‌టౌన్ ప్రార్థన గ్రూపులో, "ఈ పూట మా ఆయన, తుపాకీ. గట్టిగా ప్రార్థించండి," అని రాసింది. ప్రార్థన దారి తప్పకూడదని ప్యాట్ ఇంటి లొకేషన్ కూడా పెట్టి, ఫోను నోరు నొక్కేసింది.

పదకొండింటికి ప్యాట్ తన ఉక్కు బీరువా, వాళ్ల భాషలో ప్రెస్, తెరిచి తుపాకీ తీశాడు. ముందు పిడిని వెనక్కి లాగి, లోపల తూటా లేదని చూపించాడు. కదలిక వెన్నలా ఉంది. జయకుమార్ గొట్టం లోపల తుప్పు వెతికాడు, కర్రలో పగుళ్లు వెతికాడు. చివరికి తయారైన ఏడాది ముద్రలు చదివి మొహం ముడుచుకున్నాడు.

"ఒళ్లు డెబ్భై నాలుగుది, గొట్టం ఎనభై ఒకటిది. అతుకుల బొంత!"

"మనం మాత్రం? మీది తెనాలి, నాది ఖమ్మం. బాగానే అతుక్కోలేదూ?" అంది నిస్సీ.

జయకుమార్ నవ్వేసి సరేనన్నాడు. ప్యాటే తటపటాయించాడు. "ఇది మా నాన్నది. రేపు మూటాముల్లె సర్దుకుని పోయేవాళ్లకు ఇవ్వను. లైసెన్సుకైనా మిమ్మల్ని ఎరిగినవాళ్లు ఇద్దరు కావాలి. ఇక్కడ మీకెవరున్నారు?"

అంతలో మూడు కార్లు ముంగిట్లోకి దూసుకొచ్చాయి. బైబిలుతో ఎడ్వర్డ్ అంకుల్, బిర్యానీ గిన్నెతో సంతోషకుమారి ఆంటీ, వెనక సగం సంఘం.

"ఎక్కడ తగిలిందయ్యా గుండు?" ఆంటీ జయకుమార్ చొక్కా ఎత్తి వెతికింది.

"గుండేంటి ఆంటీ?"

"ఫోనెత్తవేమే నిస్సీ! ఆసుపత్రికి ఫోన్ చేస్తే అలాంటి పేషెంటే లేడన్నారు. అక్కడిదాకా కూడా చేరలేదని గార్డులకు, అదే పోలీసులకు చెప్పా. తెనాలిలో మీ పెద్దత్త సూర్యప్రభ అయితే ఉపవాసమే మొదలెట్టేసింది!"

గార్డుల కారు కూడా వచ్చింది. నిస్సీ పొద్దున తను పెట్టిన మెసేజ్ మళ్లీ చదువుకుని నాలుక కరుచుకుంది. తుపాకీ పోయినట్టే, పరువుతో సహా.

"ఎవరికీ ఏం కాలేదా?" గార్డు అడిగాడు.

"అందరం గ్రాండ్, బాగున్నాం," అన్నాడు ప్యాట్, వాకిలి నిండిన జనాన్ని, కార్ల డబ్లిన్ నంబర్లను కళ్లార్పకుండా చూస్తూ. "డబ్లిన్ నుంచి పరిగెత్తుకొచ్చారా? వీళ్లందరూ మీవాళ్లేనా?"

నిస్సీకి కళ్లు చెమర్చాయి. "మావాళ్లే," అంది.

"అయితే తుపాకీ మీదే. లైసెన్సు వచ్చేదాకా నా ప్రెస్‌లో ఉంటుంది."

లైసెన్సు హామీకి మొదటి పేరు నాదంటే నాదని అంకుల్, ఆంటీ పోటీపడ్డారు. ఆంటీ గిన్నె మూత తీసింది. గార్డు రెండోసారి కూడా వడ్డించుకున్నాడు.

సూర్యప్రభకు విషయం చెప్పాలని మాత్రం మర్నాటిదాకా ఎవరికీ గుర్తు రాలేదు.