ఉల్కకు పడిశం

"ఉల్క వచ్చింది పిన్నీ, ఈ గదిలో జాగ్రత్త," అని చిట్టి మొదటిరోజే చెప్పింది.

"ఉల్లి వస్తే వంటింట్లో పెట్టాలి గానీ ఇక్కడెందుకమ్మా?" అంది గాజుసామాను కడిగే పిన్ని.

అప్పటినుంచి ప్రయోగశాలలో ఆ ఉలకని పలకని నల్లరాయి పేరు ఉల్లిగానే స్థిరపడింది. స్థిరపడనిది చిట్టి ఉద్యోగమొక్కటే.

నెల తిరిగింది. ఇవాళ పదకొండింటికి, బొగ్గులాంటి ఆ రాయి ఆకాశం నుంచి మోసుకొచ్చిన కర్బన పదార్థాల జాబితాను చిట్టి చదవాలి. మెప్పిస్తే తాత్కాలికం పోయి శాశ్వతం. జాబితాలో అమైనో ఆమ్లాలున్నాయి, బాగుంది. పుదీనా పువ్వు, అదే మెంథాల్, కూడా ఉంది. తలనొప్పికీ పడిశానికీ రాసుకునే బామ్‌లో ముక్కు అదరగొట్టేది అదే.

ఎవరి చేతి మరకో అనుకుందామంటే, రాయి పక్కనే సాక్షి గిన్నె ఉంది. మూతలేని ఖాళీ గిన్నె. గదిలో ఏది రాలినా రాయిమీదా, గిన్నెలోనూ పడాలి. రాయిలో మాత్రమే దొరికిందంటే అది పైనుంచి వచ్చిందే. గిన్నె చూస్తే తళతళ.

"అయితే పైనా పడిశాలున్నాయన్నమాట," అంటూ సంస్థ పెద్దాయన పత్రికలవాళ్లకు ఫోన్లు కలిపారు. అంబరం కాస్తా సంబరమైంది.

"ముక్కుంటేనే కదండీ పడిశం," అన్నాడు గుమాస్తా. పావుగంటలో ఆ ముక్కుకు మొహం, మొహానికి మీసం మొలిచాయి. పదకొండయ్యేసరికి హాలు నిండింది.

కుర్చీలు సర్దుతున్న పిన్ని చిట్టి చెవిలో అంది: "ఆ గిన్నె గురించా ఈ గోల? మూతలేక దుమ్ము పడుతోందని రోజూ నేనే కడిగి పెడుతున్నాగా."

చిట్టి నోరు మూస్తే ఉద్యోగం, తెరిస్తే ఉద్వాసన. తెరిచింది.

"సార్, మన సాక్షి రోజూ స్నానం చేస్తూ వచ్చింది. పుదీనా పువ్వు పైది కాదు, మనలో ఎవరిదో."

"ఎవరిది? బామ్ రాసుకుని ఆ గదిలోకి రాకూడదని తలుపు మీద నేనే రాయించాను కదా."

పిన్ని దగ్గరకొచ్చి గాలి పీల్చింది. "మీదే బాబూ. నుదుటికి పట్టించుకుని రోజూ ఆ ఉల్లి మీదకు వంగుతారుగా."

హాలంతా గొల్లున నవ్వింది. పెద్దాయన అలవాటుగా నుదురు రుద్దుకోబోయి చెయ్యి దించారు. "అమైనో ఆమ్లాలైనా నావి కావు కదమ్మా?"

"కావు సార్. వాటిలో రెండు మన ఒంట్లో ఉండనివి. అవి పైవే."

"నన్ను ఆపగలిగిన మనిషి ఇక్కడ ఒక్కరైనా ఉండాలి," అంటూ ఆయన చిట్టి శాశ్వత ఉద్యోగం కాగితం మీద సంతకం పెట్టారు.

ఇప్పుడా గదిలో రెండు బోర్డులున్నాయి: గిన్నె దగ్గర 'కడగరాదు', రాయి దగ్గర 'పెద్దాయన వంగరాదు'.