ఒక్క పంపులో మూడు మందులు

మనిషి ముఖం అతని సొంతం కాదు. అది రెండు షిఫ్టుల్లో నడిచే కార్యాలయం. ఈ సంగతి తెలియక యాభై రెండేళ్ళు దాన్ని ఒంటి సబ్బుతోనే కడిగాను.

ముఖానికి రాసే మందుల నిబంధనలను కోదాడలోని ఒక మెడికల్ షాపులో ఫార్మసిస్టు శ్రీజ వినిపించింది. విటమిన్ సి గారిది పగటి డ్యూటీ. రెటినాల్ గారిది రాత్రి డ్యూటీ, అదీ మొదట్లో వారానికి రెండు రోజులే. గ్లైకాలిక్ యాసిడ్ గారిదీ రాత్రే గానీ, రెటినాల్ గారు హాజరైన రాత్రి ఈయన సెలవులో ఉండాలి. (ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెడితే కాలేది గది.) సన్‌స్క్రీన్ గారి సంతకం లేనిదే ముఖం గడప దాటరాదు.

"పన్నెండు వారాలు ఓపిక పట్టాలండి అంకుల్."

"ఆదివారం లోపల కావాలమ్మా."

"ఆదివారం ఏముందండి?"

"పెళ్ళిచూపులు."

"ఎవరికండి?"

"నాకే."

ఆమె నవ్వలేదు. సన్‌స్క్రీన్ మాత్రం పెద్ద సైజుది ఇచ్చింది.

సంబంధం మిర్యాలగూడది. ఉషారాణి, టీచరు. ఆమెకు భర్త లేడు, నాకు భార్య లేదు. ఇంట్లో మాట్లాడే మనిషి కావాలని ఇద్దరమూ ఒప్పుకున్నాం. కుదిర్చింది నా చెల్లెలి భర్త పర్వతాలు.

"నీ మొగం ఆరేసిన గోనెసంచి లెక్కున్నది బావా. జర సాఫ్ చేసుకో," అన్నాడు.

నాది గరిడేపల్లి. వరికి పురుగుమందు ఒక రోజు, తెగులుమందు ఇంకో రోజు కొట్టేవాణ్ణి మా ఊళ్ళో పిచ్చివాడంటారు. అన్నీ ఒకే పంపులో కలిపి ఒక్కసారే కొడతాం. (కలపవద్దని డబ్బా మీద ఉంటుంది. అది చదివే ఓపికుంటే బడెందుకు మానేస్తాం?) శుక్రవారం పొద్దున స్టీలు గిన్నెలో మూడూ కలిపి ముఖానికి పట్టించాను. గడువు తక్కువ కాబట్టి డోసు రెట్టింపు చేశాను. సన్‌స్క్రీన్ మూత తీయలేదు. మందు కొట్టాక ఎండ కాయాలని రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

శనివారం కార్యాలయం సమ్మెకు దిగింది. ముఖం ఎర్రబడి పొట్టు లేచింది. కళ్ళు వాచి నీళ్ళు కారసాగాయి. చర్మాన్ని పరీక్షించే యాప్‌కు చూపిస్తే, 'ముఖం కనబడలేదు, మళ్ళీ ప్రయత్నించండి' అన్నది. శ్రీజకు ఫోన్ చేశాను.

"అయ్యో అంకుల్, అన్నీ ఆపేయండి! చల్లటి నీళ్ళు, మాయిశ్చరైజర్, అంతే. తగ్గకపోతే డాక్టరుకు చూపించండి."

ఆదివారానికి తగ్గలేదు. అలాగే వెళ్ళాను.

ఉషారాణి చాయ్ ఇచ్చి చాలాసేపు నా ముఖం చూసింది.

"ఆమె పోయి ఎన్నేండ్లయింది?"

"మూడేండ్లు."

"ఇంకా గింత ఏడుస్తున్నరా?"

యాసిడ్ అని చెప్పడానికి సిగ్గేసింది. రుమాలుతో కళ్ళొత్తుకున్నాను. అది ఇంకా చెడ్డ పని.

"మీరు మంచోళ్ళు. ఆమెను గుండెల పెట్టుకున్నరు. ఆ జాగల నేనొచ్చి ఏడ కూసుంట? ఏమనుకోకుండ్రి," అంటూ ఖాళీ కప్పు తీసుకుని లోపలికి వెళ్ళింది.

నా భార్య సరోజను సాగనంపిన రోజు ఊరంతా నా కళ్ళలో తడి కోసం వెతికింది. అప్పటికి నాకీ మందులు తెలియవు.